మే నెలలో చలి సూటు

ఆ పార్సెల్ వచ్చిన రోజు గోదావరిఖనిలో ఎండ ఎంత మండిపోతోందంటే, దాన్ని తెచ్చినతను మా గేటు గొళ్లెం పట్టుకుని వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కూలర్ ముందు కూర్చుని డబ్బా విప్పాం. అందులోంచి నల్లటి రబ్బరు మనిషి బయటపడ్డాడు. తల లేదు గానీ చేతులూ కాళ్లూ అన్నీ ఉన్నాయి. దాన్ని వెట్‌సూటు అంటారు. చల్లటి నీళ్లలో ఆటలాడేవాళ్లు చలి తగలకుండా వేసుకుంటారు. బయట నిలబడితే చెప్పులు మెత్తబడే ఎండలో మా ఇంటికి చలి సూటు వచ్చింది.

మా ఆయన యేసుబాబు దాన్ని రెండు భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి, పెళ్లికొడుకు కోటు చూపించినట్టు చూపించాడు.

"ఎట్లున్నది సుగుణా?"

"మంచిగనే ఉన్నది. ఇందుల లీన పడుతది, నేను పడుత. ఇంకింత జాగ మిగుల్తది, నువ్వు గూడ రా."

"కావాల్నని రెండు సైజులు పెద్దది పెట్టిన. పిల్ల ఎదుగుతది గద."

"పందొమ్మిదేండ్ల పిల్ల ఇంకెక్కడికి ఎదుగుతదయ్యా?"

"ఎదగకుంటె లావయితది."

ఇది ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. బొగ్గుబాయిలో పంపు ఆపరేటరు. బాయిలోకి వేసుకునే బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవి తీసుకుంటాడు, లోపల రెండు జతల మేజోళ్లు తొడగొచ్చని. లీన బడికి పోయినన్నాళ్లూ యూనిఫాం మోకాళ్ల కిందికి వేలాడుతూ ఉండేది. నేనేమో ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా కాలనీలో నా సూది కింద నుంచి పోని జాకెట్టు లేదు. ఒంటికి పట్టని బట్ట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దేవుడు మా ఇద్దరినీ ఎందుకు కలిపాడో ఆయనకే తెలియాలి.

లీన అంటే మా అమ్మాయి ఎవాంజెలిన్. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లలో కయాక్ నేర్చుకుంది. కయాక్ అంటే ఒక్కరే కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో తోసుకుపోయే సన్నటి పడవ. మనిషి అగ్గిపుల్లలా ఉంటుంది గానీ తెడ్డు పట్టిందంటే పడవ చేపలా పోతుంది. కోచ్ జమున మేడమ్ దాన్ని ఎంపిక చేసి, పోయిన ఏడాది హిమాలయాల్లో ఒక సరస్సు దగ్గర క్యాంపుకు తీసుకుపోయింది. మంచు కరిగి వచ్చే నీళ్లవి. రెండో రోజు లీన వేళ్లు కొంకర్లు పోయి తెడ్డు జారింది. పడవ తిరగబడింది. మోటారు పడవ వాళ్లు వచ్చి పైకి లాగారు. పళ్లు టకటకా కొట్టుకుంటూ సాయంత్రం దాకా మాట రాలేదట.

జమున మేడమ్ తానే దాన్ని ఇంటికి తీసుకొచ్చి దింపింది. ఎదుట కూర్చుని, దాపరికం లేకుండా చెప్పింది.

"తెడ్డు ఏసుట్ల మీ బిడ్డకు వంక పెట్టేది లేదక్కా. గని ఒళ్లు చల్లబడితే ముందుగాల చేతులకే నెత్తురు తగ్గుతది. చెయ్యి పనిచెయ్యని పిల్లను నేను ఆ నీళ్లల్ల మళ్ల దింప."

ఇప్పుడు జూన్‌లో అదే సరస్సులో పోటీ. మే నెలాఖరుకు జట్టు పేర్లు పంపాలి. లీన ఫోను మీద ఫోను చేసి బతిమాలితే మేడమ్ ఒక్క అవకాశం ఇచ్చింది. సూటు తెప్పించుకోవాలి. అంత చల్లటి నీళ్లలో అరగంట కూర్చోవాలి. తరువాత తన వేళ్లతోనే లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుని తాడు ముడి వెయ్యాలి. మేడమ్ స్వయంగా వచ్చి చూస్తుంది. ముడి పడితే పేరు పంపుతుంది. లేకపోతే లేదు.

అసలు దెబ్బ వేరే ఉంది. ఆ క్యాంపులో కొండప్రాంతం పిల్ల ఒకతె నవ్వుతూ, మీ ఊళ్లో అంత ఎండ ఉంటుందంటారు, నీ ఒంట్లో మాత్రం వేడే లేదే, అన్నదట. పరాచికానికే అని ఉంటుంది. కానీ ఆ మాట మా పిల్ల మనసులో నాటుకుపోయింది. తనలో ఏదో తక్కువని నమ్మడం మొదలుపెట్టింది. నేనూ ఊరుకోలేదు, ఒంట్లో వేడి పుట్టాలని వేడి చేసేవే వండాను. ఊరంతా మజ్జిగ తాగుతుంటే మా ఇంట్లో ఉలవచారు, నువ్వుల లడ్డూలు, ఎల్లిపాయ కారం. పిల్లకు నోట్లో పొక్కులు లేచాయి తప్ప వేరే లాభం కనబడలేదు.

సూటు వచ్చింది సరే, పరీక్ష చేసుకోవడానికి చల్లటి నీళ్లెక్కడ? మా నల్లాలో వచ్చే నీళ్లతో నేరుగా టీ పెట్టుకోవచ్చు. గోదావరిలో దిగితే పైన మోకాలు లోతు నీళ్లు స్నానానికి కాచినట్టుంటాయి. అయినా ఆగలేక లీన ఆ సూటు వేసుకుని ఇంట్లోనే అటూ ఇటూ తిరిగింది. కాసేపటికి కళ్లు తిరిగి కూలర్ మీద వాలింది. చలి సూటుతో వడదెబ్బ తగిలించుకున్న పిల్ల మా వంశంలో ఇదే మొదటిది.

తొట్టి ఆలోచన నాకే వచ్చింది. మా చర్చి వెనక బాప్తిస్మం తొట్టి ఉంది. మెట్లు దిగి నిలబడితే ఛాతీ దాకా, కూర్చుంటే మెడ దాకా నీళ్లు వస్తాయి. నన్నూ మా ఆయన్నూ లీననూ ముంచింది అందులోనే. బాప్తిస్మాలు లేనప్పుడు అందులో ఎండుటాకులు తప్ప ఏమీ ఉండవు. పాస్టరు దేవదానం గారి దగ్గరికి పోయి అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"ఇందుల మునిగితె పాపం పోతదని చెప్తున్న గని, చలి పోతదని ఎన్నడు చెప్పలేదమ్మ."

"పిల్ల భవిష్యత్తు అయ్యగారూ."

"కాదంటనా. నింపుకోండ్రి. మళ్ల కడిగి పెట్టాలె. ఐసు తెచ్చిన రోజు నాకు జర చెప్పు, నేను గూడ కాళ్లు పెట్టుకుంట."

ఐసు ఫ్యాక్టరీ ఎల్లేశం మాకు పాత పరిచయం. వాళ్లింటి ఆడపిల్లల పెళ్లి జాకెట్లన్నీ నేనే కుట్టాను. సంగతి విని సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే ట్రాలీ ఆటోలో, వరిపొట్టు చల్లి గోనెసంచులు కప్పిన దిమ్మలు వేసుకుని చర్చి ముందు ఆపాడు. మా ఆయన అప్పటికే పంపు పెట్టి తొట్టి నింపి, మోటారు పక్కన గర్వంగా నిలబడి ఉన్నాడు. నీళ్లు ఎక్కించడం, దించడం అంటే ఆయనకు పండగే.

దిమ్మలు ఒక్కొక్కటి తొట్టిలో పడుతుంటే చప్పుడుకు కాలనీ అంతా వచ్చింది. మే నెలలో ఐసు తొట్టి అంటే మాటలా. లీన చేతిలో చిన్న థర్మామీటరు ఉంది. మేడమ్ చెప్పినంతకు నీళ్లు చల్లబడ్డాక సూటు వేసుకుని మెట్లు దిగింది. దిగి కూర్చోగానే మెడ దగ్గర నుంచి నీళ్లు బుడబుడ లోపలికి పోయాయి. సూటు ఉబ్బి, పిల్ల నీళ్లు నింపిన తోలుతిత్తిలా తయారైంది.

మా ఆయన మొహం మాడిపోయింది. "నీళ్లు లోపటికి పోతున్నయ్ సుగుణా."

"కనబడుతున్నది."

"రబ్బరు గద. నీళ్లను ఆపాలె గద."

పిల్ల పెదవులు నల్లబడ్డాయి. మేడమ్ చెప్పిన అరగంటలో సగం కూడా కాకముందే నేనే చెయ్యి పట్టి పైకి లాగాను. తాడు అందిస్తే వేళ్లు మడత పడలేదు. తాడు కిందపడింది. దాన్ని తీసివ్వడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన కుర్చీలో కూర్చుని కప్పుకేసి చూస్తూ ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే నాకు భయం. ముప్పై ఏళ్లుగా ఆయనకు ఉన్న శత్రువు ఒక్కటే, నీళ్లు. బాయిలో గోడలు ఊరుతాయి, కప్పు కారుతుంది. ఆ నీళ్లన్నీ కాలువ తీసి సంపు దాకా తెచ్చి, పంపుతో పైకి తోలాలి. ఒక షిఫ్టు పంపు ఆగితే కింద పని ఆగిపోతుంది. అలాంటి మనిషి బుర్రలోంచి ఏ ఉపాయం వస్తుందో నేను ముందే ఊహించి ఉండాల్సింది. జాకెట్లు ఇచ్చి రావడానికి నేను బజారుకు పోయి వచ్చేసరికి, ఆయన ఒళ్లో సూటు, చేతిలో తోలుకు బెజ్జాలు వేసే పంచి ఉన్నాయి.

"ఏంజేస్తున్నవయ్యా?"

"నీళ్లు ఆగయి సుగుణా. బాయిలనే ఆగయి, దీంట్ల ఆగుతయా. సందు దొరికితే వస్తయి. వచ్చినయాటికి తొవ్వ చూపియ్యాలె. గిదిగో, కాళ్ల కాడ డ్రైను పెట్టిన."

చీలమండల దగ్గర చుట్టూ బెజ్జాలు. వరసగా, ముచ్చటగా వేశాడు. సూటు ఆయన ఒళ్లోంచి లాక్కున్నాను.

"కొత్త సూటు అది."

"ఫికర్ జెయ్యకు. నీళ్లు పైనుంచి వచ్చుడు, కిందికెల్లి పోవుడు. పిల్ల పొడిగ ఉంటది."

పైగా సూటు ఉబ్బకుండా తన పాత ల్యాంప్ బెల్టు కూడా ఇచ్చాడు. బాయిలో దిగేవాళ్లు టోపీ దీపానికి బ్యాటరీ తగిలించుకుని నడుముకు కట్టుకునే మందపాటి తోలు బెల్టు అది. లీన నా వంక చూసింది. వాళ్ల నాన్న కళ్లలో అంత ఆశ ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది. రెండు రోజులకు ఎల్లేశం మళ్లీ దిమ్మలు తెస్తే, బెల్టు బిగించుకుని ఐసు తొట్టిలో దిగింది.

డ్రైను బ్రహ్మాండంగా పనిచేసింది. పైనుంచి ఐసు నీళ్లు రావడం, పిల్ల ఒంటిని కడుక్కుంటూ కిందికి పోవడం, మళ్లీ కొత్త ఐసు నీళ్లు రావడం. పంపు ఆపరేటరు కలగన్నట్టే జరిగింది. మొదటిసారి కూర్చున్నంతసేపు కూడా పిల్ల కూర్చోలేకపోయింది. ఎల్లేశం, మా ఆయన చెరో చెయ్యి పట్టి మెట్ల మీద కూర్చోబెట్టారు. నేను దుప్పటి కప్పాను. మిట్టమధ్యాహ్నం ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతున్న నా బిడ్డను చూస్తే, మొగుణ్ణి అదే తొట్టిలో ముంచెయ్యాలనిపించింది.

పళ్ల చప్పుడు తగ్గాక అది అంది. "డాడీ, సూటుది తప్పు లేదు. లోపల వేడి ఉంటెగద అది ఆపేది. నా ఒంట్లనే లేదు. మేడమ్‌ను రావద్దని చెప్త."

ఏడవలేదు. బజారుకు పోయి కూరగాయలు దొరకలేదని చెప్పినట్టు చెప్పింది. ఏడ్చి ఉంటే నేను ఓదార్చేదాన్ని. మా ఆయన పక్కకు తిరిగి, ఆగిపోయి ఉన్న మోటారును అనవసరంగా తడుముతూ నిలబడ్డాడు.

చర్చి వెనక గదిలోకి తీసుకుపోయి సూటు విప్పడం మొదలుపెట్టాను. వీపు మీద జిప్పు లాగి చెయ్యి లోపలికి పోనిచ్చాను. భుజాల దగ్గర, వీపు మీద ఒళ్లు ఐసే. ల్యాంప్ బెల్టు బిగుసుకుపోయి ఊడలేదు. దాని కిందికి వేళ్లు దూర్చాను.

అక్కడ వెచ్చగా ఉంది.

నమ్మలేదు. నా చెయ్యే చల్లబడి అలా అనిపిస్తోందేమో అనుకుని, జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి పెట్టాను. బెల్టు సూటును ఒంటికి అదిమిన చోట నడుము చుట్టూ వెచ్చగా ఉంది. పొడిగా కాదు, తడిగానే ఉంది. నీళ్లున్నాయి. పసిపిల్లకు పోసే నీళ్లంత వేడిగా ఉన్నాయి. బెత్తెడు పైకి జరిపితే, సూటు వదులుగా ఉన్న చోట, మళ్లీ ఐసు.

"ఏంది మమ్మీ, ఎందుకట్ల గిలిగింతలు పెడుతున్నవ్," అంది లీన.

"నోరు మూసుకో. కదలకు." తలుపు సందులోంచి మా ఆయన్ను పిలిచాను. "నువ్వు ఇటు రా. బెల్టు కింద వేలు పెట్టి చూడు."

పెట్టాడు. కనుబొమలు పైకి లేచాయి. "బెల్టు కింద నీళ్లు పోలేదు గావచ్చు. అందుకే వెచ్చగున్నది."

"తడి తెలుస్తలేదా నీకు? పోయినయ్. పోయినయి మళ్ల బయటికి రాలేదు. ఆన్నే ఉండి కాగినయ్."

ఆయన వేలు తీసి చూసుకున్నాడు. మళ్లీ పెట్టాడు.

అక్కడే నిలబడి జమున మేడమ్‌కు ఫోను చేశాం. సంగతంతా విని ఆమె నవ్విన నవ్వు ఫోను బయటికి వినిపించింది.

"సైజు సరిగ్గ ఒంటికి అతుక్కోవాలె అని లీనకు ముందే చెప్పిన గదక్కా."

"చెప్పిండ్రు మేడమ్. డాడీ నేను ఎదుగుతనన్నడు," అంది లీన.

అప్పుడు మేడమ్ నిదానంగా విడమరిచి చెప్పింది. ఆ రబ్బరు ఉత్త రబ్బరు కాదు. దాని నిండా కంటికి కనబడని గాలి బుడగలుంటాయి. బయటి చలిని ఆపేది అవి. లోపలికి కొంచెం నీళ్లు రావడం తప్పదు. సూటు బిగుతుగా ఉంటే ఆ నీళ్లు పల్చటి పొరలా ఒంటికి అంటుకుని నిలుస్తాయి, ఒంటి వేడికే అవి వెచ్చబడతాయి. వదులుగా ఉంటే ఆ వెచ్చటి నీళ్లు జారిపోయి, చల్లటివి వస్తాయి. ఒళ్లు మళ్లీ మొదటి నుంచి కాచుకోవాలి. ఎంత కాచినా బయటికే పోతుంది.

"మరి మా అన్న డ్రైను పెట్టిండంటిరి గద," అని మళ్లీ నవ్వింది.

మా ఆయన నవ్వలేదు. మెల్లగా అడిగాడు. "అంటే మేడమ్, పిల్ల ఇన్ని దినాలు వేడి పుట్టిస్తనే ఉన్నది, నేను పారబోస్తున్న. అంతే గద?"

బెజ్జాలు పొడిచిన సూటును ఏ దుకాణంవాడు వెనక్కి తీసుకుంటాడు. మేడమ్ రావడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. నేను టేపు మెడలో వేసుకున్నాను. ఇక నుంచి ఈ సూటు సంగతి నాది, ఎవరూ పంచి పట్టుకుని దాని దగ్గరికి రాకూడదని ఇంట్లో చెప్పేశాను.

సూటు తిరగేసి లీనకు తొడిగి, ఒంటి చుట్టూ వదులంతా బట్టల క్లిప్పులతో పట్టాను. పిల్ల ఒళ్లంతా రంగురంగుల క్లిప్పులతో దండెంలా నిలబడింది. సుద్దతో గీతలు గీసి మిగులు కత్తిరించాను. మిషను మీద పెడితే సూది విరిగింది. ఇంకోటి పెడితే అదీ విరిగింది. చివరికి చేతి సూదితోనే కుట్టాను. ఒక్కో కుట్టుకూ మా ఆయన్ను తలుచుకున్నాను, ఏ మాటలతో తలుచుకున్నానో చెప్పను.

ఉత్త కుట్టు చాలదు, బెజ్జాలూ మూయాలి. పక్క క్వార్టరు ఉపేందర్ బాయిలో బెల్టు ఫిట్టరు. బొగ్గు మోసే రబ్బరు బెల్టు తెగితే అతికే పని అతనిది. చిన్న డబ్బాలో జిగురు మందు తెచ్చాడు.

"వదినె, ముందే చెప్తున్న, ఇది కంపెనీది గాదు. మా బండి సీటుకని బజార్ల కొన్న. రెండు దిక్కుల రాయాలె, జర ఆరనియ్యాలె, అప్పుడు కలిపి ఒత్తాలె. తొందరపడ్డరో, పట్టదు."

"తొందర నాకు లేదు. అది ఆయనకు."

బెజ్జాలు మూసే పని మాత్రం మా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. నేను కత్తిరించి పారేసిన ముక్కల్లోంచే గుండ్రటి బిళ్లలు తీసి, లోపలొకటి బయటొకటి పెట్టి, బొటనవేలితో ఒత్తి పట్టుకుని కూర్చున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం కూడా తినలేదు.

"ముప్పై ఏండ్ల సంది నీళ్లను ఎల్లగొట్టుడే నా పని," అన్నాడు నావైపు చూడకుండా. "ఇప్పుడు లోపట పెట్టి తాళం ఏస్తున్న."

"ఏసిన తాళం ఊడకుంట చూడు," అన్నాను. కానీ కోపం పోయింది. పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చి, ఆయన చేతులు ఖాళీ లేకపోతే నేనే ముద్దలు కలిపి పెట్టాను. లీన అది చూసి ఫోటో తీసింది.

మేడమ్ వచ్చిన రోజు చర్చి వెనక జాతరే. ఎల్లేశం ఈసారి ఎవరూ అడగకుండానే ఇంకో రెండు దిమ్మలు ఎక్కువ వేసుకొచ్చాడు. పాస్టరు గారు కుర్చీ తెచ్చుకున్నాడు. గదిలో లీనకు సూటు తొడగడం ఒక యుద్ధం. బిగుతు సూటులోకి కాళ్లు జారాలంటే పాదాలకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలని మేడమ్ చెప్పింది. కూరగాయల కవర్లు తొడిగి, నేను ఒక పక్క, మేడమ్ ఒక పక్క లాగాం. జిప్పు పడేసరికి ముగ్గురం చెమటలో తడిసిపోయాం.

"ఊపిరి ఆడుతున్నదా?" అన్నాను.

"ఆడుతున్నది మమ్మీ. ఇంత టైటు జాకెట్టు నువ్వు ఎవ్వలకు కుట్టి ఉండవు."

లీన మెట్లు దిగింది. కూర్చోగానే ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి భుజాలు బిగించింది. మెడ దగ్గర నుంచి సన్నటి ధారగా నీళ్లు లోపలికి పోవడం నాకు కనబడింది. మా ఆయన వంగి తొట్టిలోకి చూస్తున్నాడు. పడవలో తెడ్డు వేసేటప్పటిలాగే పిల్ల చేతులు నీళ్లపైన ఉన్నాయి. కళ్లు మూసుకుంది. ఐసు ముక్కలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు మాత్రమే ఉంది.

కాసేపటికి అది కళ్లు తెరిచింది. మొహం మారింది.

"మమ్మీ, వచ్చింది."

"ఏమొచ్చింది?"

"వేడి. మొదలు వీపుల వచ్చింది. ఇప్పుడు అంతట వస్తున్నది."

మేడమ్ గడియారం చూసుకుంటూ తొట్టి గట్టు మీద కూర్చుంది. ఉపేందర్ తన జిగురు ఊడుతుందేమోనని చీలమండల వైపే చూస్తున్నాడు. లీన మాత్రం వచ్చినవాళ్లందరితో ముచ్చట్లు పెట్టింది. కొంతసేపయ్యాక ఆకలవుతోంది, మిరపకాయ బజ్జీలు తెప్పించమంది. మెడ దాకా ఐసు నీళ్లలో కూర్చుని బజ్జీ ఊదుకుంటూ తినే పిల్లను చూసి పాస్టరు గారు ప్రార్థన చెయ్యాలో నవ్వాలో తెలియక రెండూ చేశాడు.

అరగంట అయ్యాక మేడమ్ లైఫ్ జాకెట్ అందించింది. లీన వేళ్లు నూనె తుడుచుకుని పట్టీలు ఒక్కొక్కటి బిగించాయి. తరువాత తాడు. చూడకుండానే ముడి వేసింది. మేడమ్ దాన్ని రెండు చేతులా లాగి చూసింది. ఊడలేదు.

"ఈ రోజే పేరు పంపుతున్న," అంది మేడమ్.

నేను ఏడ్చాను. ఎందుకు దాచాలి. ఎల్లేశం ముందు, ఉపేందర్ ముందు, అందరి ముందూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హాయిగా ఏడ్చాను.

లీన మెట్లెక్కి వచ్చి గట్టు మీద కూర్చుంది. మా ఆయన దాని కాళ్ల దగ్గర కింద మెట్టు మీద కూర్చుని, తాను అతికించిన బిళ్లలు తడిమి చూసుకున్నాడు. ఒక్కటీ లేవలేదు. చీలమండ దగ్గర సూటు అంచు వేలితో కొంచెం లాగాడు. లోపల నిలిచిన నీళ్లు ఆయన దోసిట్లో పడ్డాయి.

ఆయన తల ఎత్తి మేడమ్ వంక చూశాడు.

"మేడమ్, గివి వెచ్చగున్నయ్. సూట్ల ఏమన్న వేడి పుట్టించేది ఉంటదా?"

"సూట్ల ఏముండదన్నా. అది ఉన్నదాన్ని పోకుంట ఆపుతది, అంతే. ఆ వేడంత మీ బిడ్డది."

ఆయన దోసిలి లీన ముందుకు చాపాడు. "ఒంట్ల లేదంటివి గదనే. చూడు. చెయ్యి పెట్టు."

లీన తన వేళ్లు ఆ నీళ్లలో పెట్టింది. ఐసు తొట్టిలోంచి వచ్చిన నీళ్లు, తన ఒంట్లో కాగిన నీళ్లు. పెట్టిన వేళ్లు తియ్యలేదు. ఇన్ని రోజులుగా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే ఏడ్చింది. నేను దాని తల నా పొట్టకేసి అదుముకున్నాను.

వెనక తొట్టిలోకి కాలనీ పిల్లలు ఒకరి వెనక ఒకరు దూకారు. పాస్టరు గారు పంచె మోకాళ్ల దాకా ఎత్తి కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాడు. ఎల్లేశం చివరి దిమ్మ కూడా లోపలికి తోశాడు. ఉపేందర్ నన్ను పిలిచి, తొట్టి కడగాలంటే ముందు నీళ్లు తోడాలి కదా, అన్న ఎక్కడున్నాడు, మోటారు పెట్టమను అన్నాడు.

"ఏమయ్యా, లే. మోటారు పెట్టు. ఆ దోసిట్ల నీళ్లు పారబొయ్యి," అన్నాను.

"పారబొయ్యబుద్ధి అయితలేదు సుగుణా," అన్నాడు.

వేళ్ల సందుల్లోంచి ఆ నీళ్లు కారిపోయేదాకా ఆయన మెట్టు మీద నుంచి లేవలేదు.